ఉన్నత పాఠశాలలో విదేశీ భాషాబోధన: కోనసీమ అవసరాలు, తెలుగు ఆధారంగా అరబ్బీ పరిచయం

వ్యాససంగ్రహం:

ఉన్నత పాఠశాల స్థాయిలో విదేశీ భాషలు నేర్పాలన్న ఆలోచన 2020 జాతీయ విద్యావిధానంతో మళ్ళీ ముందుకు వచ్చింది. అయితే ఏ ప్రాంతానికి ఏ భాష అవసరం, దాన్ని ఏ మార్గంలో నేర్పాలి అన్న ప్రశ్నలపై తెలుగునాట తగినంత చర్చ జరగలేదు. తాటిపాక, రాజోలు, అమలాపురం పరిసరాలతో కూడిన కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు దీర్ఘకాలంగా వలసలు సాగుతున్నాయి. ఈ ప్రాంతపు కుటుంబాలకు అత్యంత సన్నిహితమైన విదేశీ భాష అరబ్బీ. అది పాఠశాల ప్రణాళికలో లేదు. తెలుగులో శతాబ్దాలుగా స్థిరపడిన అరబ్బీ మూలపదాలను, తెలుగు విద్యార్థికి తెలిసిన వ్యాకరణ సంస్కారాన్ని, గ్రాంథిక-వ్యావహారిక భేదానుభవాన్ని మెట్లుగా చేసుకొని అరబ్బీని పరిచయం చేయవచ్చునని నిరూపించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: విదేశీ భాషాబోధన, కోనసీమ, గల్ఫ్ వలస, అరబ్బీ, అన్యదేశ్యాలు, వ్యత్యాసాత్మక విశ్లేషణ, గిడుగు.

1. ఉపోద్ఘాతం:

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న రాజోలు ప్రాంతంలో తాటిపాక ఒక ముఖ్య కూడలి. కొబ్బరితోటలతో పాటు 2001లో ప్రారంభమైన ఓ.ఎన్.జి.సి. చిన్న చమురుశుద్ధి కేంద్రం వల్ల కూడా ఈ ఊరి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. ఈ పరిసర గ్రామాల నుంచి కువైట్, ఒమన్, ఖతర్, బహ్రెయిన్ తదితర దేశాలకు ఉపాధి కోసం వెళ్ళినవారు ఎందరో. వారిలో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు గణనీయంగా ఉన్నారు. కడప, అన్నమయ్య జిల్లాల తరువాత గల్ఫ్ వలస ప్రస్తావన రాగానే గుర్తుకు వచ్చేది గోదావరి జిల్లాలే.

ఇలాంటి ఇంటిలో పెరిగే ఉన్నత పాఠశాల విద్యార్థి రోజూ వినే మాటల్లో 'అకామా', 'కఫీలు' ఉంటాయి. తల్లి ఫోనులో చెప్పే కబుర్లలో అరబ్బీ పదాలు దొర్లుతాయి. అదే విద్యార్థి బడికి వెళితే తెలుగు, హిందీ, ఇంగ్లీషు పాఠాలు చదువుతాడు. ఇంటికి వచ్చిన కాగితంలోని అరబ్బీ అక్షరాలను గుర్తించగల శక్తిని ఈ మూడు భాషలూ ఇవ్వవు. బడి నేర్పే భాషల వరుసకూ ఇంటి అవసరాల వరుసకూ మధ్య ఉన్న ఈ ఎడమే ప్రస్తుత వ్యాసానికి ప్రాతిపదిక.

2. 'విదేశీ భాష': నిర్వచనం, ప్రాంతీయ సందర్భం:

భాషాబోధనశాస్త్రం 'రెండవ భాష'ను, 'విదేశీ భాష'ను వేరుచేసి చూస్తుంది. అభ్యాసకుడి సమాజంలో వ్యవహారంలో ఉన్న పరభాష రెండవ భాష. సమాజంలో వ్యవహారం లేకుండా తరగతి గదిలో మాత్రమే ఎదురయ్యేది విదేశీ భాష. ఈ నిర్వచనాన్ని కోనసీమకు అన్వయిస్తే విచిత్రమైన ఫలితాలు వస్తాయి. గ్రామీణ విద్యార్థికి ఇంగ్లీషు తరగతి గది దాటి వినిపించేది తక్కువ. కాబట్టి పేరుకు అది మూడవ భాషే అయినా అనుభవంలో విదేశీ భాషగానే ఉంటుంది. అరబ్బీ పుట్టింది పరదేశంలోనే అయినా వలస కుటుంబాల వ్యవహారంలో భాగమైపోయింది.

కోనసీమకు విదేశీ భాషలతో సంపర్కం కొత్త కాదు. రాజోలు సీమకు వశిష్ఠ అవతలి ఒడ్డున, నరసాపురం పక్కన ఉన్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తకస్థావరం ఉండేది. అక్కడి నూలుబట్ట పేరు 'మదపొలాం'గా ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలకు ఎక్కింది. పాలకొల్లులో డచ్చివారు వ్యాపారం చేశారు. కోనసీమకు తూర్పున గౌతమి ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. 1956 మే 28న భారత్, ఫ్రాన్సుల మధ్య కుదిరిన ఒప్పందంలోని 28వ అధికరణ, ప్రజాప్రతినిధులు వేరే నిర్ణయం తీసుకొనేంతవరకు ఆ ప్రాంతాలలో ఫ్రెంచి అధికారభాషగా కొనసాగుతుందని పేర్కొంది. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వినియోగానికి చోటు కల్పించింది. వర్తకం ఒక భాషను తెచ్చింది, పాలన మరొక భాషను తెచ్చింది. ఇప్పుడు వలస అరబ్బీని తెచ్చింది. మొదటి రెండు సందర్భాలలో పరభాష వారు ఇక్కడికి వచ్చారు. మూడవ సందర్భంలో ఇక్కడివారే ఆ భాష దగ్గరకు వెళుతున్నారు. భాష తెలియకపోవడం వల్ల కలిగే నష్టం కూడా అందువల్ల వీరిమీదే పడుతున్నది.

3. పాఠశాల భాషాప్రణాళిక: ఉన్నది, లేనిది:

1968 జాతీయ విద్యావిధానం ఆమోదించిన త్రిభాషాసూత్రం ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలల్లో అధికశాతం విద్యార్థులు తెలుగును ప్రథమ భాషగా, హిందీని ద్వితీయ భాషగా, ఇంగ్లీషును తృతీయ భాషగా చదువుతారు. పదవ తరగతిలో ఇతర సబ్జెక్టుల ఉత్తీర్ణతకు 35 మార్కులు అవసరం కాగా ద్వితీయ భాష హిందీకి 20 చాలు. ఈ సడలింపు వెనుక సానుభూతి ఉండవచ్చు. అయినా ఒక భాషను నేర్చుకోవడం వేరు, దాని పరీక్షను దాటడం వేరు అన్న సంగతిని విద్యార్థి అక్కడే గ్రహిస్తాడు. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాష ఎంపిక మార్కుల లెక్కతో జరగడం కళాశాల అధ్యాపకులందరూ ఎరిగినదే.

2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక స్థాయిలో భారతీయ భాషలు, ఇంగ్లీషులతో పాటు కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ వంటి విదేశీ భాషలను అందించాలని పేర్కొంది. ఈ పట్టిక ఉదాహరణప్రాయమే. కానీ అందులో అరబ్బీ పేరు లేదు. లక్షలాది భారతీయులు శ్రమచేస్తున్న దేశాల భాష ఆ వరుసలో చేరకపోవడం గమనింపదగినది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి భాషల జాబితాలోనూ, ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ ద్వితీయ భాషల జాబితాలోనూ అరబ్బీ ఉంది. అంటే ఆ భాషను ఒక పాఠ్యవిషయంగా గుర్తించిన వ్యవస్థ ఇప్పటికే ఉంది. దానికీ కోనసీమలోని సాధారణ ఉన్నత పాఠశాలకూ మధ్య వంతెన లేదు.

2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలల ఆంగ్లమాధ్యమ ఉత్తర్వులు వెలువడిన నాటి నుంచి రాష్ట్రంలో భాషాచర్చ 'తెలుగా, ఇంగ్లీషా' అన్న రెండు కొసల మధ్యే సాగుతున్నది. మూడవ కోణం ఒకటి ఉన్నదన్న స్పృహ ఆ చర్చలో కనిపించదు.

4. ఉన్నత పాఠశాల దశ ప్రాధాన్యం:

పదవ తరగతి వలస విషయంలో ఒక చట్టబద్ధమైన సరిహద్దు. 1983 వలస చట్టపు విధానంలో పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులు సాధారణంగా 'ఇ.సి.ఆర్.' వర్గంలోకి వస్తాయి. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగార్థం వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈ వర్గానికి చెందిన 30 ఏళ్ళలోపు స్త్రీలను ఇంటిపనికి ఆ దేశాలకు అనుమతించరు. పదవ తరగతి దాటినవారికి ఈ తనిఖీ ఉండదు. రాజ్యం తన రక్షణను ఉపసంహరించుకొనే చోట విద్యార్థికి తనను తాను రక్షించుకొనే పరిజ్ఞానం ఉండాలి. ఆ పరిజ్ఞానంలో భాష ఒక ప్రధానాంశం.

కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం (2010, నం. 6) 29వ అధికరణ ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబ్బీలో ఉండాలి. ఇతర భాషల అనువాదం జతచేయవచ్చు. వివాదం వస్తే అరబ్బీ పాఠమే ప్రమాణం. ఇంటిపనివారు ఆ చట్టపరిధిలోకి రారు. వారికోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు వంటి హక్కులను అది గుర్తించింది. హక్కు కాగితం మీద ఉంది. ఆ కాగితం చదవగలిగే శక్తి పనికి వెళ్ళిన స్త్రీకి లేదు, ఇక్కడ ఉన్న ఆమె బిడ్డలకూ లేదు. ఇంగ్లీషు వస్తే చాలదా అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది.

భాషార్జన దృష్ట్యా చూచినా ఈ దశ అనుకూలమైనదే. 1967లో లెన్నెబర్గ్ ప్రతిపాదించిన 'కీలకదశ' సిద్ధాంతం యౌవనారంభం తరువాత భాషార్జన కష్టతరమవుతుందని చెప్పింది. అది ప్రధానంగా మాతృభాషను ఉద్దేశించిన సిద్ధాంతం. పరభాష ఉచ్చారణ విషయంలో చిన్నవయసు మేలు చేసినా, వ్యాకరణసూత్రాలను గ్రహించి అన్వయించే శక్తి కౌమారంలోనే బలపడుతుంది. సంధులు, సమాసాలు చదువుతున్న ఎనిమిదవ తరగతి విద్యార్థికి పదనిర్మాణాన్ని విడదీసి చూసే అలవాటు అప్పటికే ఉంటుంది.

5. మాతృభాష మెట్టుగా: సైద్ధాంతిక నేపథ్యం:

1957లో రాబర్ట్ లాడో ప్రతిపాదించిన వ్యత్యాసాత్మక విశ్లేషణ ప్రకారం అభ్యాసకుడి మాతృభాషకు సన్నిహితమైన అంశాలు సులభంగానూ, భిన్నమైనవి కష్టంగానూ ఉంటాయి. 1967లో పిట్ కార్డర్ దోషాలను అభ్యాసానికి ఆనవాళ్ళుగా చూడాలన్నాడు. 1979లో జిమ్ కమిన్స్ మాతృభాషలో గడించిన భాషాసామర్థ్యం పరభాషకు బదిలీ అవుతుందని వివరించాడు. ఈ మూడింటి సారం ఒకటే. విద్యార్థి పరభాష ముందు ఖాళీ చేతులతో నిలబడడు.

మధ్యమపురుష సర్వనామాలు ఇందుకు తేలికైన ఉదాహరణ. తెలుగులో 'నువ్వు', 'మీరు' ఉన్నాయి. 'మీరు' బహువచనమూ అవుతుంది, గౌరవవాచకమూ అవుతుంది. ఇంగ్లీషు 'యూ' ఈ భేదాన్ని చూపదు. ఫ్రెంచిలో 'త్యూ', 'వూ' ఉన్నాయి. 'వూ' సరిగ్గా 'మీరు' లాగే రెండు పనులూ చేస్తుంది. ఫ్రెంచిని ఇంగ్లీషు ద్వారా నేర్పే ఉపాధ్యాయుడు చాలాసేపు వివరించవలసిన విషయం తెలుగు ద్వారా ఒక్క వాక్యంలో తేలుతుంది. జపనీస్‌లో 'వతాషి వ హోన్ ఓ యోమిమాసు' అనే వాక్యం 'నేను పుస్తకాన్ని చదువుతాను' అన్న వరుసలోనే నడుస్తుంది. కర్మ తరువాత వచ్చే 'ఓ' మన ద్వితీయా విభక్తి ప్రత్యయం చేసే పనే చేస్తుంది. క్రియ చివర వస్తుంది. ఇవి రెండు భాషల బంధుత్వానికి నిదర్శనాలు కావు, నిర్మాణసామ్యాలు మాత్రమే. బోధనకు ఆ సామ్యం చాలు.

అరబ్బీతో తెలుగుకు ఉన్న సాన్నిహిత్యం మరొక రకమైనది. అది నిర్మాణంలో కంటే పదజాలంలో ఎక్కువ.

6. తెలుగులోని అరబ్బీ మూలపదాలు: బోధనోపయోగం:

గోల్కొండ, మొగలు, ఆసఫ్‌జాహీ పాలనల కాలంలో పారశీకం, ఉర్దూల ద్వారా అరబ్బీ పదాలు తెలుగు పాలనావ్యవహారంలోకి ప్రవేశించాయి. కంపెనీ పాలనలోనూ అవి నిలిచాయి. తెలుగులో వాడే ఇలాంటి పదాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు అవసరమని గుర్తించిన సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రచురించాడు. ఈ పదాలను 'అన్యదేశ్యాలు' అన్న శీర్షిక కింద జాబితాగా బోధించడం మన తరగతుల్లో పరిపాటి. వాటిని మరొక భాషకు ద్వారంగా వాడుకొనే పద్ధతిని కింది మూడు కోణాల్లో చూడవచ్చు.

6.1 ధ్వనిసూత్రాలు:

అర్జీ, రాజీ, కాజీ, హాజరు, జామీను అన్న ఐదు పదాలలో 'జ' ఉంది. వీటి అరబ్బీ మూలాలు వరుసగా అర్ద్, రాదీ, కాదీ, హాదిర్, దామిన్. మూలంలో ఉన్నది 'దాద్' అనే బరువైన దకారం. తమ భాషకే 'దాద్ భాష' అని అరబ్బులు పేరు పెట్టుకున్న విశిష్టవర్ణం అది. పారశీకంలో ఇది ఊష్మధ్వనిగా మారింది. ఆ ఊష్మం లేని తెలుగులో 'జ' అయింది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే విద్యార్థి తాను ఎరిగిన పదం నుంచి మూలరూపాన్ని ఊహించగలడు. అలాగే అరబ్బీ 'ఐన్' వర్ణం తెలుగులో లోపించి అచ్చు మాత్రమే మిగిలింది (అమలు, అర్జీ). గొంతు లోపలి నుంచి పలికే 'కాఫ్' వర్ణం క, ఖలుగా మారింది (కిస్తు, ఖైదీ, హక్కు). 'ఖ' మూలరూపం కొన్నిచోట్ల 'క' అయింది (ఖబర్ - కబురు).

తెలుగు అజంతభాష కావడం వల్ల హక్ 'హక్కు'గా, వకీల్ 'వకీలు'గా, జవాబ్ 'జవాబు'గా మారాయి. తెలుగు విద్యార్థి అరబ్బీ మాట్లాడేటప్పుడు పదాంతంలో ఉకారం చేర్చే అవకాశం ఉందని దీనినుంచి ముందే పసిగట్టవచ్చు. అది బద్ధకం వల్ల వచ్చే తప్పు కాదు. మాతృభాషా స్వభావం వల్ల వచ్చేది.

6.2 ధాతునిర్మాణం:

అరబ్బీ పదనిర్మాణం చాలావరకు మూడు హల్లుల ధాతువుపై ఆధారపడుతుంది. హల్లులు స్థిరంగా ఉండి, వాటి నడుమ అచ్చులూ ముందువెనుక చేర్పులూ మారుతూ కొత్త పదాలు ఏర్పడతాయి. ఈ సూత్రాన్ని తెలుగు పదాలతోనే చూపవచ్చు.

'ఐన్-మ-ల' ధాతువు నుంచి అమలు, మామూలు వచ్చాయి. అరబ్బీలో 'అమల్' అంటే పని, 'ఆమిల్' అంటే పనివాడు, 'అక్ద్ అమల్' అంటే ఉద్యోగ ఒప్పందం. 'వ-క-ల' నుంచి వకీలు, వకాల్తా వచ్చాయి. గల్ఫ్ కార్యాలయాల్లో ఎదురయ్యే 'వకాలా' అధికారపత్రం. 'ద-ఖ-ల' నుంచి దాఖలు వచ్చింది. ద్వారాల మీద కనిపించే 'దుఖూల్' ప్రవేశం. 'ఖ-ర-జ' నుంచి ఖర్చు వచ్చింది. 'ఖురూజ్' నిష్క్రమణం. 'కాఫ్-వ-మ' నుంచి మకాం, ఖాయం వచ్చాయి. గల్ఫ్ తెలుగువారి నోట 'అకామా'గా మారిన 'ఇకామా' నివాసానుమతి. మకాం వేయడానికి అనుమతి అకామా అని చెబితే ఏ విద్యార్థీ దాన్ని మరచిపోడు.

6.3 అర్థభేదాలు:

రూపసామ్యం ఉన్న చోట అర్థభేదం ఉంటే ప్రమాదం ఎక్కువ. అరబ్బీ 'సుఆల్' ప్రశ్న. తెలుగు 'సవాలు' ఎక్కువగా పందెపు పిలుపు. అరబ్బీ 'రద్ద్' బదులు చెప్పడం, తిరిగి ఇవ్వడం. తెలుగు 'రద్దు' కొట్టివేత. తెలుగు 'నకలు' ప్రతి. అరబ్బీ 'నకల్'కు తరలింపు, బదిలీ అన్న అర్థాలు ముఖ్యం. ఒక యజమాని పూచీ నుంచి మరొకరి పూచీకి మారడాన్ని 'నకల్ కఫాలా' అంటారు. దాన్ని కాగితానికి నకలుగా పొరబడితే తన ఉద్యోగమే చేతులు మారుతున్నదన్న సంగతి సంతకం చేసేవారికి తెలియదు. తెలుగులో 'గరీబు' పేదవాడు. అరబ్బీలో 'గరీబ్' పరాయివాడు, పరదేశి. ఇలాంటి జంటపదాలను సేకరించి పాఠంగా ఇవ్వడం అర్థవిపరిణామ బోధనకూ ఉపకరిస్తుంది.

7. గ్రాంథిక-వ్యావహారిక భేదం: గిడుగు చూపిన దారి:

1959లో ఛార్లెస్ ఫెర్గూసన్ 'డైగ్లోసియా' అనే భావనను వివరిస్తూ ఎన్నుకొన్న నాలుగు ఉదాహరణలలో అరబ్బీ ఒకటి. ఒకే సమాజంలో రాతకు, సభావ్యవహారానికి ఒక ఉన్నతరూపం, నిత్యవ్యవహారానికి మరొక రూపం ఉండటం దీని లక్షణం. అరబ్బీలో మొదటిది 'ఫుస్‌హా', రెండవది 'ఆమ్మియ్య'. ఒప్పందపత్రం ఫుస్‌హాలో ఉంటుంది. వంటింటిలో ఆజ్ఞ ఆమ్మియ్యలో వినిపిస్తుంది. ఏదో ఒకటే నేర్పితే విద్యార్థికి సగం భాషే అందుతుంది.

ఈ చిక్కు తెలుగు పండితులకు సుపరిచితం. ఉత్తర కోస్తా పాఠశాలల పర్యవేక్షణాధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకొనే క్రమంలో పుస్తకభాషకూ ప్రజల మాటకూ ఉన్న దూరాన్ని చూసి అడిగిన ప్రశ్నలు 20వ శతాబ్ది తొలి దశకంలో వ్యావహారిక భాషోద్యమానికి ప్రేరణ అయ్యాయి. ఒక విదేశీయుడి భాషాభ్యాస సమస్య తెలుగు వచనచరిత్రనే మార్చింది. ఆ ప్రశ్నలను అందుకొన్న గిడుగు వేంకటరామమూర్తి స్వయంగా పరభాషాభ్యాసి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ లిపి లేని సవర భాషను, తెలుగుతో చుట్టరికం లేని ముండా భాషను, ఆ భాష మాట్లాడేవారి నోటినుంచే నేర్చుకొన్నాడు. పాఠ్యపుస్తకం లేకపోవడం ఆయనకు అడ్డు కాలేదు.

గిడుగు పద్ధతి కోనసీమకు నేరుగా వర్తిస్తుంది. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగివచ్చిన స్త్రీలు వ్యావహారిక అరబ్బీని అనర్గళంగా మాట్లాడగలరు. వారికి చదువు లేదన్న కారణంతో ఆ జ్ఞానం లెక్కకు రావడం లేదు. వారి మాటల్లో తెలుగు భాషాశాస్త్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే అంశాలు ఎన్నో ఉన్నాయి. గల్ఫ్ మాండలికాల్లో 'సమక్' (చేప) 'సిమచ్' అవుతుంది, 'కమ్' (ఎంత) 'చమ్' అవుతుంది. కొన్ని పరిసరాలలో, ముఖ్యంగా తాలవ్యాచ్చుల సన్నిధిలో, కకారం చకారంగా మారే ఈ తాలవ్యీకరణ తెలుగుకు తెలియనిది కాదు. కన్నడ 'కివి' తెలుగులో 'చెవి' అయింది ఇలాగే.

8. అభ్యంతరాలు, పరిశీలన:

ఈ ప్రతిపాదనపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది నైతికమైనది. బడిలో అరబ్బీ నేర్పడం అంటే పిల్లలను గల్ఫ్ ఇంటిపనికి సిద్ధం చేయడమేనా? ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు. పాఠశాల లక్ష్యం వలస కాకూడదు. అయితే భాష నేర్పకపోవడం వల్ల వలస ఆగలేదు, వెళ్ళినవారి నిస్సహాయత మాత్రం పెరిగింది. పైగా ఈ బోధన వెళ్ళబోయేవారి కోసమే కాదు. దూరాన ఉన్న తల్లి పంపిన కాగితాన్ని ఇక్కడ చదవవలసింది ఆ విద్యార్థే. 'గృహసేవకు పనికివచ్చే అరబ్బీ' అన్న దృష్టితో పాఠ్యాంశం రూపొందితే అది నిజంగానే హానికరం. హక్కుల పరిజ్ఞానం కేంద్రంగా రూపొందాలి.

రెండవది భారం. మూడు భాషలే సరిగా రాని విద్యార్థిపై నాలుగవది మోపడం ఎంతవరకు సబబు? మార్కులతో, ఉత్తీర్ణతతో ముడిపెట్టితే భారమే. పరిచయ పాఠ్యాంశంగా, అదీ తెలుగు పదజాల బోధనలో భాగంగా ఉంటే తెలుగు పాఠానికే బలం చేకూరుతుంది. అర్జీ, రాజీల వెనుక ఉన్న ధ్వనిసూత్రం తెలుసుకొన్న విద్యార్థి తెలుగును మరింత బాగా ఎరుగుతాడు.

మూడవది అరబ్బీని ఒక మతానికి మాత్రమే చెందిన భాషగా భావించడం. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు లెబనాన్, ఈజిప్టు, సిరియాలలో గణనీయంగా ఉన్నారు. చమురు, సహజవాయు పరిశ్రమలకు, విమానయానానికి, వైద్యసేవలకు అది వ్యవహారభాష. చమురు, వాయువుల తవ్వకాలను కళ్ళారా చూసే తాటిపాక ప్రాంతపు విద్యార్థికి ఈ సంబంధం అర్థం కావడం కష్టమేమీ కాదు.

9. ప్రతిపాదిత పాఠ్యప్రణాళిక:

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వారానికి ఒక పీరియడు చొప్పున, పరీక్ష లేకుండా, ఈ కింది ఐదు విభాగాలతో పరిచయ పాఠ్యాంశం రూపొందించవచ్చు.

1. తెలుగులో వాడుకలో ఉన్న నూరు అరబ్బీ మూలపదాలు, వాటి ధ్వనిసూత్రాలు, ధాతువులు.

2. ఇరవైఎనిమిది అక్షరాలు, కుడినుంచి ఎడమకు రాసే పద్ధతి, అరబ్బీ అంకెలు. అక్షరాలు కుడినుంచి సాగినా సంఖ్యలోని అంకెలు ఎడమనుంచి కుడికి రాస్తారు. జీతం మొత్తాన్ని సరిగా చదవడానికి ఈ తేడా తెలియాలి.

3. పలకరింపు, ఆరోగ్యం, దారి, సమయం, సహాయార్థన సందర్భాల్లో వ్యావహారిక సంభాషణ.

4. పాస్‌పోర్టు, నివాసానుమతి, ఉద్యోగ ఒప్పందం మొదలైన నమూనాపత్రాల్లోని ముఖ్యపదాల గుర్తింపు.

5. అర్థభేదం ఉన్న జంటపదాలు.

మొదటి, ఐదవ విభాగాలను తెలుగు ఉపాధ్యాయుడు బోధించగలడు. రెండవదానికి ఉర్దూ ఉపాధ్యాయుల సహకారం పొందవచ్చు. ఉర్దూ లిపి అరబ్బీ లిపినుంచి వచ్చినదే కాబట్టి అక్షరపరిచయం వారికి సులభం. మూడవదానికి గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారిని ఆహ్వానించి, వారికి తగిన గౌరవవేతనం ఇవ్వాలి. నాలుగవదానికి అరబ్బీ చదివిన పట్టభద్రుల అవసరం ఉంటుంది. ఇదే నమూనాను యానాం పరిసరాల్లో ఫ్రెంచికీ, సాంకేతిక విద్యవైపు వెళ్ళే విద్యార్థులున్నచోట జపనీస్‌కూ అన్వయించవచ్చు. ఏ భాషైనా ప్రాంతీయ అవసరం నిర్ణయించాలి, ప్రవేశం తెలుగు ద్వారా జరగాలి.

10. ముగింపు:

ఈ వ్యాసంలో తేలిన అంశాలు:

1. కోనసీమలో అరబ్బీ నిర్వచనం ప్రకారం విదేశీ భాషే అయినా, అనుభవంలో వలస కుటుంబాల వ్యవహారభాష.

2. జాతీయ విద్యావిధానం పేర్కొన్న విదేశీ భాషల వరుస ఈ ప్రాంతీయ వాస్తవాన్ని ప్రతిబింబించడం లేదు.

3. తెలుగులోని అన్యదేశ్యాలు చరిత్రకు అవశేషాలు మాత్రమే కావు. ధ్వని, ధాతు, అర్థ స్థాయుల్లో అవి సజీవమైన బోధనసామగ్రి.

4. గ్రాంథిక-వ్యావహారిక వివాదంలో తెలుగువారు పొందిన అనుభవం అరబ్బీ బోధనకు ఉపకరిస్తుంది.

5. విదేశీ భాషాబోధన తెలుగుకు పోటీ కాదు. తెలుగు ఉపాధ్యాయుడి పాత్రను అది విస్తరింపజేస్తుంది.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధనాంశాలు ఇక్కడ కొన్ని ఉన్నాయి. గల్ఫ్ తెలుగువారి మాటల్లో చేరిన అకామా, కఫీలు వంటి కొత్త అన్యదేశ్యాల సేకరణ, తిరిగివచ్చిన స్త్రీల భాషావ్యవహారంపై క్షేత్రపరిశోధన, తెలుగు-అరబ్బీ పదకోశ నిర్మాణం వాటిలో ముఖ్యమైనవి. నాటి కచేరీభాషలోని అరబ్బీ పదాలకు బ్రౌన్ నిఘంటువు సమకూర్చాడు. నేటి వలస తెచ్చిన పదాలకు అలాంటి కృషి ఇంకా జరగవలసి ఉంది. అది జరిగితే 'హక్కు' అన్న మాట అరబ్బీలోనూ అదే అర్థంతో ఉన్నదని కోనసీమ విద్యార్థికి తరగతి గదిలోనే తెలుస్తుంది.